స్టడ్లు కొట్టించే ముందు

చిట్టితల్లీ,

పోయినేడు కొన్న చలికాలపు టైర్లకే ఇప్పుడు ఐసు మీద పట్టు కోసం స్టడ్లు, అంటే రబ్బరులోకి దిగగొట్టే చిన్న లోహపు మేకులు, కొట్టించి మంచు తగ్గాక పీకేస్తానన్నావు. రెండూ వద్దమ్మా.

ఆ టైర్లకు స్టడ్ల కోసం బెజ్జాలున్నా సరే, వద్దు. రోడ్డెక్కిన టైరు బెజ్జాల్లో ఇసుక, సన్నరాళ్లు చేరతాయి. ట్రెడ్, అంటే రోడ్డుకు తగిలే రబ్బరు, అరిగిన కొద్దీ బెజ్జం లోతు తగ్గి, స్టడ్ ఉండాల్సినదానికన్నా పైకి తేలుతుంది. పంటిని చిగురు పట్టినట్టు రబ్బరు దాన్ని పట్టుకోవాలి. పట్టు దొరక్కపోతే ఊడి ఎగిరిపోతుంది. అందుకే ఒక్క కిలోమీటరూ తిరగని కొత్త టైర్లకే స్టడ్లు. అవీ నాలుగు చక్రాలకీ. ముందు రెండింటికే కొట్టిస్తే బ్రేకు వేసినప్పుడు ముందుభాగం పట్టు దొరికి ఆగుతుంది, వెనకభాగం జారి బండి గిరికీ కొడుతుంది. నాకు అన్నిటికన్నా భయం దీని గురించే.

కొట్టేటప్పుడు నువ్వు పక్కనే నిలబడు. బెజ్జం లోతుకి సరిపోయే సైజు స్టడ్లే తీశారో లేదో అడుగు. బెజ్జాన్ని సబ్బునీళ్లతో తడపాలి, నూనె మాత్రం తగలకూడదు. గాలితో నడిచే స్టడ్ గన్ వేళ్లు బెజ్జాన్ని విప్పి పట్టుకుంటే స్టడ్ నిటారుగా అడుగుదాకా దిగాలి. పైకి కనపడేది టంగ్‌స్టన్ కార్బైడ్ మొన ఒక్కటే, సుమారు ఒక మిల్లీమీటరు. వంకరగా దిగినది కనిపిస్తే మొహమాటపడకుండా అక్కడే చెప్పు.

తర్వాత తొలి 500 కిలోమీటర్లు మెల్లగా నడుపు. ఉరికించడం, గట్టిగా బ్రేకు తొక్కడం, మలుపులో విసురుగా తిప్పడం వద్దు. స్టడ్ బెజ్జంలో కుదురుకునేది అప్పుడే.

ఇక పీకడం. మొనను పట్టకారుతో పట్టి మెలితిప్పుతూ లాగితే వచ్చేస్తుంది, కష్టమేం కాదు. కానీ ఆ బెజ్జంలో మళ్లీ కొత్త స్టడ్ నిలవదు. కాబట్టి ఆ టైరును ఇక స్టడ్లు లేకుండానే వాడతానని తేల్చుకున్నప్పుడే పీకు. ఎండాకాలానికి వేరే టైర్లు వేరే రిమ్ములకు ఎక్కించి పెట్టుకో. చలికాలపు మెత్తని రబ్బరు ఎండకు త్వరగా అరిగిపోతుంది కూడా.

నువ్వుండే చోట చట్టం ఏమంటుందో ముందే కనుక్కో. స్వీడన్‌లో అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా స్టడ్లకు అనుమతి. జర్మనీలో 1975 నుంచి నిషేధం. స్టడ్లు రోడ్డును గీకేస్తాయి, ఆ దుమ్ము అందరి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. అందుకని మంచుగడ్డ మీద తరచూ నడపాల్సిన దారి అయితేనే కొట్టించు. సున్నా డిగ్రీల దగ్గర నీళ్లూరే ఐసు మీద వాటికి సాటి లేదు. మంచులేని తారురోడ్డు మీద మాత్రం బండి ఆగడానికి ఎక్కువ దూరమే పట్టవచ్చు, ముందుబండికి ఎడం ఉంచు.

కొత్త టైర్లు చూశాక, డబ్బు కట్టకముందే వాటి సైడ్‌వాల్ (టైరు పక్కభాగం) ఫోటో తీసి నాకు పంపు తల్లీ.

మీ నాన్న