శాంతా రోసా అడవి నుంచి నాన్నగారికి

శాంతా రోసా, గ్వానకాస్తే,
కోస్టారికా

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

మా ప్రయోగశాలకు కావలసిన మట్టి నమూనాల కోసం ఫ్లోరిడా నుంచి కోస్టారికాకు వచ్చి, ప్రస్తుతం శాంతా రోసా అడవిలోని పరిశోధన కేంద్రంలో ఉంటున్నాను. దగ్గరి పట్టణం పేరు లైబీరియా. ఆఫ్రికా దేశం అనుకుని కంగారు పడకండి, ఇది గ్వానకాస్తే ప్రాంతానికి ముఖ్యపట్టణం. అక్కడి నుంచి పాన్ అమెరికన్ హైవే మీద ఉత్తరంగా, నికరాగ్వా సరిహద్దు వైపు వస్తే ఈ అడవి తగులుతుంది. అమ్మ అడగబోయే ప్రశ్నకు ముందే జవాబు రాస్తున్నాను: ఇక్కడ అన్నానికి లోటు లేదు, పొద్దున ఫలహారంలో కూడా నల్ల చిక్కుడు గింజలతో కలిపి వేయించిన అన్నమే పెడతారు.

కోస్టారికా అనగానే ఏడాది పొడవునా వానలో తడిసే అడవినే అందరూ ఊహించుకుంటారు గాని, ఈ పసిఫిక్ తీరపు అడవి మీరు అటవీశాఖలో పనిచేసిన నల్లమలకు దగ్గరి బంధువు. డిసెంబరు నుంచి మే నెల దాకా ఇక్కడ వాన జాడ దాదాపుగా ఉండదు. ఇప్పుడు మార్చి కాబట్టి చాలా చెట్లు ఆకు రాల్చి మోడువారి ఉన్నాయి. ఆకు లేని కొమ్మల నిండా పసుపు పూలు పూసిన ఒక చెట్టును చూసి కొండగోగు అనే అనుకున్నాను, తీరా అడిగితే అదే ప్రజాతికి చెందిన ఇక్కడి చెట్టని చెప్పారు. మన రోడ్ల పక్కన నీడనిచ్చే నిద్రగన్నేరుకు కూడా ఈ మధ్య అమెరికా ప్రాంతమే పుట్టిల్లు.

నేను నమూనాలు తీస్తున్న ఈ చెట్ల కింద నేల, నలభై ఏళ్ల కిందట చాలావరకు గడ్డి బీడు. స్పానిష్ వారి కాలం నుంచి పశువుల కోసం అడవి నరికి, ఆ తరువాత ఆఫ్రికా నుంచి తెచ్చిన హరాగ్వా అనే గడ్డిని మేత కోసం పెంచారు. అది మనిషి ఎత్తును దాటి పెరిగి, ఎండాకాలంలో నిలువునా ఎండిపోతుంది. 1971లో శాంతా రోసాను జాతీయ వనంగా ప్రకటించి, కొన్నేళ్లకు పశువులను బయటికి పంపేసినప్పుడు అడవికి మేలు జరుగుతుందనే అందరూ అనుకున్నారట. జరిగింది వేరు. మేసేవి లేక గడ్డి అడ్డూ ఆపూ లేకుండా పెరిగింది, నిప్పు అంటుకున్నప్పుడల్లా మంటలు మునుపటికన్నా ఎత్తుకు లేచి, మిగిలి ఉన్న చెట్ల గుంపులను కూడా అంచుల నుంచి కొరుక్కుంటూ పోయాయి. ఇక్కడ పిడుగులు వానలతో పాటే వస్తాయి గనుక ఎండాకాలపు మంటలన్నీ మనుషులు పెట్టినవేనని వీరు తేల్చి చెబుతారు. నల్లమలలోనూ అంతేనని మీరు ఎన్నోసార్లు చెప్పగా విన్నాను.

1963 నుంచి ఈ దేశంలో పని చేస్తున్న డానియల్ జాన్‌జెన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త, ఆయన భార్య విన్నీ హాల్‌వాక్స్, 1980ల నడుమ ఇక్కడివారితో కలిసి దీనికి ఒక దారి వెతికారు. చుట్టుపక్కల పశువుల భూములను విరాళాలతో కొని అడవిలో కలపడం, మంటలను ఆపడం, విత్తనాల సంగతి గాలికీ జంతువులకూ వదిలేయడం, క్లుప్తంగా ఇంతే. మొదట్లో కొన్నిచోట్ల గడ్డి తగ్గించడానికి కావాలనే పశువులను మళ్లీ మేపనిచ్చారు. గాలికి ఎగిరే విత్తనాల చెట్లు ముందుగా మొలిచాయి, వాటి నీడ కమ్మాక గడ్డి చచ్చింది, కొమ్మలు దొరికాక పక్షులూ కోతులూ వచ్చి మిగతా విత్తనాలు తెచ్చాయి. సముద్రభాగం కాక నేల మీదే లక్ష హెక్టార్లకు పైబడిన ఈ గ్వానకాస్తే సంరక్షణ ప్రాంతాన్ని 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మొక్కలు నాటిన చోట్లు లేకపోలేదు. తూర్పున వాన ఎక్కువ పడే వాలులో గాలికి వచ్చే విత్తనాలు తక్కువ, గడ్డి మొండిది. అక్కడ గడ్డిని నీడతో చంపడానికి వాడుకున్నది మన గుమ్మడి టేకు తోటలను! కలప కోసం నాటిన ఆ తోటల కింద గడ్డి పోయి స్థానిక చెట్లు మొలకెత్తాయి.

నారింజ తొక్కల కథ మీకు ఇంకా నచ్చుతుంది. సరిహద్దున ఉన్న దెల్ ఓరో అనే రసం కంపెనీ తన అధీనంలోని అడవి భూమిని ఇచ్చేటట్టు, బదులుగా తొక్కలను పాడుబడిన బీడులో పోసుకునేటట్టు 1990లలో ఒప్పందం కుదిరింది. మూడు హెక్టార్లలో సుమారు 12,000 టన్నులు పోశారు. పోటీ కంపెనీ ఒకటి జాతీయ వనాన్ని మురికి చేస్తున్నారని కోర్టుకెక్కి గెలవడంతో పని ఆగిపోయింది. పదహారేళ్ల తరువాత పరిశోధకులు వెళ్లి చూస్తే తొక్కలు పోసిన వైపు 24 జాతుల చెట్లు, పోయని వైపు 8 జాతులు. కలప మొత్తం 176 శాతం ఎక్కువ. తొక్కల కుప్ప గడ్డిని ఊపిరాడనీయకుండా చేసింది, కుళ్లి మట్టికి సత్తువ ఇచ్చింది. కోర్టు తీర్పు తొందరపాటని నా అభిప్రాయం గాని, దుర్వాసనా ఈగలూ చూసినవారు అడవిని ఊహించలేకపోయారంటే తప్పు పట్టలేను.

అయితే ఇవన్నీ నిలబడింది మనుషుల వల్ల. ఇక్కడి సిబ్బందిలో చాలామంది చుట్టుపక్కల ఊళ్లవారే. అటవీశాఖ బేస్ క్యాంపుల్లో చెంచులను వాచర్లుగా పెట్టుకోవడం మన దగ్గర చూశాను. వీరు ఇంకో అడుగు వేసి, 1989 నుంచి పల్లెవాసులకు శిక్షణ ఇచ్చి గొంగళి పురుగులను సేకరించి పెంచి, వివరాలు నమోదు చేసే శాస్త్రసహాయకులుగా జీతమిస్తున్నారు. ఊరి బడిపిల్లలకు పాఠాలు అడవిలోనే చెబుతారు. అందరూ స్నేహంగా ఉన్నారని కాదు. 1856లో అమెరికన్ దండయాత్రికుడు విలియం వాకర్ మనుషులను తరిమికొట్టిన యుద్ధానికి గుర్తుగా నిలిచిన పాత కమతపు ఇంటిని, వేట మానిపించారన్న కోపంతో 2001లో వేటగాళ్లే తగలబెట్టారు. మరుసటి ఏడాదే తిరిగి కట్టారు. వేటగాళ్ల కక్ష ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మన వైపు ఎన్ని మొక్కలు నాటామన్న లెక్కే పత్రికల్లో ముందు వస్తుంది. ఎన్ని ఎకరాలు కాలకుండా కాపాడామన్న లెక్కకు అంత చోటు దొరకదు, ఫొటో తీయడానికి అందులో ఏమీ ఉండదు కాబట్టి కావచ్చు. నా ఓటు మాత్రం రెండో లెక్కకే.

నాన్నగారూ, మీరు నాకు రాయవలసింది ఒకటుంది. పశువుల మేత ఆపిన అటవీ బీట్లలో మొదటి రెండు మూడు ఎండాకాలాలు మంటలు పెరిగాయా, తగ్గాయా? మంట పాకకుండా గడ్డి తీసేసే ఫైర్ లైన్లు ఏ నెలలో తీసేవారు, ఎంత వెడల్పున? ఇక్కడి అగ్నిమాపక దళం వారు నన్ను అడిగారు, మీ జవాబు వచ్చాక స్పానిష్‌లో చెబుతానని మాట ఇచ్చాను.

మీ ఆశీస్సులు కోరే
మీ కూతురు