మా అత్తారింటి కరెంటు మీటరుకీ నా కాలికీ సంబంధమేంటి, మంత్రిగారూ?

గౌరవనీయులైన పింఛన్ల శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

సోమవారం గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీలకు రసీదులున్నాయి. వాట్సాప్‌లో పెట్టిన దానికి నంబరుంది. జవాబు మాత్రం లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను, తప్పుగా అనుకోవద్దు.

2024 జూలైలో మన ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 3000 నుంచి 6000 రూపాయలు చేసినప్పుడు మా వీధిలో అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. ఇంటికే వచ్చి చేతిలో పెడుతుంటే ఇంకేం కావాలి అనుకున్నాను. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. అదీ సంగతి.

మా పుట్టిల్లు నరసాపురం వైపు, మెట్టినిల్లు గోదావరికి అవతల సఖినేటిపల్లి వైపు. రేవులో నిలబడితే అవతలి గట్టు కనిపిస్తుంది. ఒకప్పుడు రెండూ వేరే జిల్లాలే, 2022లో కోనసీమ జిల్లా వచ్చాక కూడా వేరే జిల్లాలే. మనుషులకి ఇది పంటు (మనుషుల్నీ బళ్ళనీ రేవు దాటించే పడవ) దాటేంత దూరం. మీ కంప్యూటర్‌కి మాత్రం ఇది ఇంకో దేశం. కాపురం ఇక్కడికి మారింది గానీ పింఛను అక్కడే ఉండిపోయింది. మార్చమని ఇక్కడి సచివాలయంలో అడిగితే, "ముందు మీ పుట్టింటి మ్యాపింగ్‌లోంచి పేరు తీయించుకు రండక్కా" అన్నారు. మ్యాపింగ్ అంటే ఏ ఇంట్లో ఎవరెవరున్నారో సచివాలయం కంప్యూటర్లో ఉండే లెక్క. అక్కడికెళ్తే, "వాళ్ళు చేర్చుకుంటేనే మేం తీయగలమండి, ఉత్తినే తీస్తే పింఛను ఆగిపోద్ది" అన్నారు. ఇద్దరూ మంచి పిల్లలే, కుర్చీ వేసి కూర్చోబెట్టే చెప్పారు. లాగిన్లో ఆప్షన్ పైనుంచి ఇవ్వాలట. ఆ పైన ఉన్నది తమరే కదా అని ఈ ఉత్తరం.

అంచేత ఒకటో తారీఖు వస్తుందంటే నేను ముందురోజే పుట్టింటికి బయల్దేరతాను. మీరు పంటు ఎప్పుడైనా ఎక్కారో లేదో. బళ్ళు ఎక్కడానికి దించే ఇనప రేకు మీద ఎప్పుడూ ఒండ్రు ఉంటుంది. పోలియో వచ్చి క్యాలిపర్ (కాలికి కట్టే ఊత) వేసిన నా కుడి కాలు మోకాలి దగ్గర వంగదు, చేతికర్ర మొన రేకు మీద నిలవదు. వెనకనుంచి మోటారు సైకిళ్ళ హారన్లు. ఎవరో ఒకరు "ఉండండమ్మా" అని జబ్బ పట్టుకుని ఎక్కిస్తారు. వాళ్ళు చల్లగా ఉండాలి. కానీ నెలనెలా ఎవరో ఒకరు నా జబ్బ పట్టుకుంటే గానీ అందని ఈ పింఛను పేరు ఇంటి దగ్గరకే పింఛను.

వరదల్లో పంటు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి. (నరసాపురం దగ్గర వంతెన సంగతి ఎత్తను. అది మీ శాఖ కాదు, పైగా ఒక ఉత్తరంలో రెండు వరాలు అడగకూడదు.) రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల కలిపి ఇస్తామని 2024 చివర్లో చెప్పారు, దానికి నిజంగానే దండం పెడతాను. అయితే ఆ మూడో నెల కూడా దాటకుండా చూసుకోవాలి కదా. నెలలు నిండిన ఆడది రేకు మీద నడిచి రాగలదా లేదా అన్నది మీ శాఖలో ఎవరైనా ఆలోచించారేమో తెలియదు. నాకైతే ఇప్పుడు ఆ ఆలోచనే ఉంది.

సరే, మార్పిడి జరిగిందే అనుకుందాం. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

మా అత్తారిది ఉమ్మడి ఇల్లు. బావగారిది ముందు వాటా, మాది వెనక వాటా. పొయ్యిలు రెండు, మీటరు ఒకటి. బావగారి వాటాలో ఏసీ ఉంది, నీళ్ళ మోటారు ఉంది. మా వాటాలో రెండు ఫ్యాన్లు. నేను ఆ మ్యాపింగ్‌లోకి వస్తే నా కుటుంబం అంటే వాళ్ళందరూ. నెలకు సగటున 300 యూనిట్లు దాటితే మీ నిబంధన ప్రకారం మేం పేదలం కాదు. వేసవిలో ఆ ఏసీ చల్లదనం మా తోడికోడలు వాళ్ళకి, ఆ యూనిట్లు మాత్రం నా కాలికి. మా ఆయన కొబ్బరి దింపు పనికి వెళ్తారు. పని ఉన్న రోజు కూలి, లేని రోజు లేదు. ఆ మీటరు బిల్లు చూసి ఆయన్ని కలిగినవాడని తేల్చేది కంప్యూటర్ ఒక్కటే, ఊళ్ళో ఎవర్నడిగినా నవ్వుతారు.

వేరే మీటరు పెట్టించుకోమంటారు. ఇల్లు మావయ్య గారి పేరున ఉంది. వేరే మీటరంటే వాటాల మాట వస్తుంది, వాటాల మాట వస్తే కొత్త కోడలు వచ్చీ రాగానే ఇల్లు చీల్చిందంటారు. పింఛనుకి అర్హులెవరో తేల్చే మీ ఆరు అంచెల పరిశీలనలో ఈ అంచె లేదు.

అక్కడే ఉండిపొమ్మంటారా? పుట్టింట్లో మా అన్నయ్య సెకండ్ హ్యాండు కారు కొనుక్కుందామని చూస్తున్నాడు. నాలుగు చక్రాల బండి ఉంటే ఆ ఇంట్లో పింఛను పోతుంది కదా, ఆటో, ట్యాక్సీ, ట్రాక్టరు తప్ప. నా పేరు అక్కడ ఉన్నందుకు వాడు ఆగాడు. వదిన పైకి ఏమీ అనలేదు. అననందుకే నాకు ఎక్కువ బాధ.

ఇక సలహాలకు కొదవలేదు. పెళ్ళి రిజిస్ట్రేషన్ చేయించుకోవద్దని ఒకరు. కాగితం మీద విడిపోయినట్టు రాయించమని ఇంకొకరు, అదీ చిన్న గొంతుతో కాదు, పది మంది వింటుండగా. అప్పుడు ఒంటరి మహిళ కింద కూడా చూసుకోవచ్చట! మా ఆయన పక్కనే ఉన్నారు. ఆయన మొహం ఎలా అయిందో నేను రాయను.

ఇదే ప్రభుత్వ ఖజానా నుంచి దివ్యాంగుల పెళ్ళికి సాయం చేస్తామన్నారు. 2022 నాటి కళ్యాణమస్తు పథకంలో అది 1,50,000 రూపాయలు. ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి, నాకు పార్టీలతో పని లేదు. పెళ్ళి చేసుకోమని అక్షింతలు వేసేదీ మీరే, చేసుకున్నాక నువ్వెవరి ఇంటి మనిషివని నిలదీసేదీ మీరేనా?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం అయిదో సెక్షన్లో, ఫలానా చోటే, ఫలానా రకంగానే ఉండాలని దివ్యాంగులను నిర్బంధించకుండా ప్రభుత్వం చూడాలని ఉంది. 24వ సెక్షన్లో స్వతంత్రంగా గానీ నలుగురితో కలిసి గానీ బతకడానికి తగిన జీవన ప్రమాణం అని రాశారు. చదువుకున్నాను కాబట్టి చెప్తున్నాను, గొడవకి కాదు. 2025లో వైకల్యానికి మళ్ళీ పరీక్షలు అన్నారు, వెళ్ళాను. డాక్టరు గారు కాలు చూశారు, ఎక్స్‌రే చూశారు, శాతం రాశారు. ఎవరింట్లో ఉంటున్నావని ఆయన అడగలేదు. పోలియో ఇల్లు మారితే తగ్గదని ఆయనకి తెలుసు.

అత్తారింట్లో నా చేతిలో ఆడే డబ్బు ఈ 6000 ఒక్కటే. క్యాలిపర్ పట్టీ తెగితే ఎవర్నీ అడక్కుండా కుట్టించుకోగలుగుతున్నాను. అంతకు మించి వివరించలేను.

కాబట్టి నా మనవి. పింఛను మనిషి పేరున ఉంచండి, ఇంటి పేరున కాదు. పెళ్ళయి వెళ్ళిన దివ్యాంగులకు భార్యాభర్తలనే కుటుంబంగా లెక్కించండి, బావగార్ల మీటర్లు వదిలేయండి. మార్పిడి ఒక్క సచివాలయంలో ఒక్క అర్జీతో అయ్యేలా ఆ ఆప్షన్ ఏదో ఇప్పించండి. అది కుదరకపోతే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పించండి, అది కూడా మేలే. ముఖ్యంగా ఆ ఆప్షన్ ఇప్పించండి సార్, మరీ మరీ అడుగుతున్నాను.

ఆధార్, వైకల్య శాతం రాసిన సదరం సర్టిఫికెట్, పెళ్ళి ఫొటో జిరాక్సులు ఈసారి జతచేయడం లేదు. పాత అర్జీలతో ఇచ్చినవి మీ ఆఫీసుల్లోనే ఉన్నాయి.

ఇట్లు,
వశిష్ఠ గోదావరికి ఇటు కాపురం, అటు పింఛను ఉన్న ఒక కోడలు