పూయని గులాబీల గురించి, మా నర్సరీ నుంచి

అందరికీ నమస్కారం అండి.

ఈ వేసవిలో మా కడియపులంక నర్సరీ నుంచి బాల్కనీ సెట్ (గులాబీలు, తీగలు కలిపి ఇచ్చేది) తీసుకున్నవాళ్లు చాలామంది ఒకటే మాట అంటున్నారు: "గులాబీ ఏపుగా పెరిగింది, పువ్వు మాత్రం లేదు." ఎండ చాలడం లేదేమో అనుకుని, రోజుకి ఆరు గంటల ఎండ తగలాలని అందరికీ ఒకే జవాబు ఇచ్చేశాను. అది తప్పు. రాజమండ్రిలో ఒక అక్కగారి ఇంటికి వెళ్లి చూస్తే గానీ అసలు సంగతి తెలియలేదు.

మేమిచ్చిన ఎర్ర గులాబీ రోహిణి కార్తె ఎండకి మాడిపోయి చిటికెన వేలంత పుల్ల మిగిలింది. అంటు కట్టిన ముడి కిందనుంచి మాత్రం లేతపచ్చ కొమ్మ ఒకటి నాలుగడుగులు లేచి గ్రిల్లుకి పాకింది. ఆవిడ మూడు నెలలుగా నీళ్లు పోసి, వర్మీకంపోస్టు వేసి పెంచుతున్నది దాన్నే. అది మేము వేరు కోసం వాడే నాటు గులాబీ. పువ్వులిచ్చే పైరకాన్ని దాని మీదే అంటు కడతాం. బలమంతా అది లాగేసుకుంటే పైరకం ఇక కోలుకోదు. మొక్క చేతికిచ్చేటప్పుడే ఈ మాట చెప్పాల్సింది నేను. చెప్పలేదు, క్షమించండి.

మీ కుండీలో మొదలు దగ్గర మట్టి కాస్త పక్కకి తీసి చూడండి. ఉబ్బుగా కనిపించేదే అంటు. దాని కింద పుట్టిన పిలకని పుట్టిన చోటే పట్టుకుని కిందికి లాగి పీకేయండి. కత్తెరతో పైపైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. ఒక్కో ఆకు రెమ్మకి ఏడేసి చిన్నాకులుంటే నాటుది, ఐదుంటే మంచిది అంటారు గానీ, ఆ లెక్క అన్ని రకాలకీ సరిపోదు. కొమ్మ ఎక్కడ పుట్టిందన్నదే చూడండి.

తీగల్లోనూ పొరపాటు చేశాను. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ రంగుకి, ఆపైన ఎరుపుకి తిరిగే రాధామనోహరం గుత్తులంటే నాకు ప్రాణం. ఆ ఇష్టంతోనే సెట్‌లో పెట్టాను. కానీ అది పెద్ద పందిరికో, డాబాకో తగ్గ తీగ. బాల్కనీలో గులాబీలకి తగలాల్సిన ఎండంతా అదే ఆపేసింది. ఇకపై బాల్కనీలకి నీలి శంఖుపుష్పం, సన్నజాజి ఇస్తాం. సన్నజాజిని కత్తిరించుకుంటూ అదుపులో ఉంచుకోవచ్చు.

లారీలో కదలకుండా వేర్లకి బంకమట్టి ముద్ద కడతాం కదా, అది ఎండి గట్టిపడితే నీళ్లు లోపలికి దిగవు. అందుకని కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపిన మట్టికి మారుతున్నాం. దీనివల్ల సెట్ ధర 40 రూపాయలు పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక గులాబీలు పంపం.

పైరకం చచ్చిపోయినవాళ్లు మొదలు కనిపించేలా ఫొటో తీసి వాట్సాప్ చేయండి. బిల్లు అక్కర్లేదు. దీపావళి వెళ్లాక వేరే మొక్క పంపుతాం, రవాణా ఖర్చు కూడా మాదే. ఎర్రవి ఇప్పుడే అంటు కట్టాం, సంక్రాంతికి గానీ సిద్ధం కావు. అంతవరకు ఆగలేమంటే పసుపు, నారింజ ఉన్నాయి, ఏది కావాలో ఫొటోతో పాటు రాయండి.