అమ్మకు ఉత్తరం

అమ్మకు,

నేను కులాసా. ల్యాబ్‌లో పని ఎప్పటిలాగే ఉంది, నిద్ర సరిగ్గానే పోతున్నాను.

మొన్న ఫోన్‌లో “ఏం లేదులే, వాసన ఒక్కటే తెలియట్లేదు” అని మాట మార్చేశావు. కోవిడ్ తగ్గి ఇన్ని నెలలైనా ఇంకా అలాగే ఉందని నాన్నగారు చెబితే గానీ నాకు తెలియలేదు. నేను కంగారు పడతానని దాచావు కదూ. నా పనే వాసన మీద అయినప్పుడు నాకు కాక ఇంకెవరికి చెబుతావమ్మా?

నాన్నగారు ఇంకో మాట కూడా అడిగారు, అంత దూరం వెళ్లి ఆ పండ్ల ఈగలతో ఏం చేస్తున్నావని. బెంగతోనే అడిగారు, నాకు తెలుసు. అయినా కొంచెం గుచ్చుకుంది. ఆయనకు ఇది చదివి వినిపించు. మన బొంబాయిలోనే, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, ఒబైద్ సిద్దిఖీ గారూ వెరోనికా రోడ్రిగ్స్ గారూ 1970లలోనే ఈ ఈగలకు వాసన, రుచి ఎలా తెలుస్తాయన్నదాని మీద పనిచేశారు. ఇది నేను ఇక్కడికొచ్చి నెత్తికెత్తుకున్న వింత పనేం కాదు.

ఈగ మొత్తం మూడు మిల్లీమీటర్లు ఉండదు. కాస్త గ్యాస్ ఇచ్చి మత్తెక్కించి, మెత్తటి బ్రష్‌తో వెల్లకిలా తిప్పి మైక్రోస్కోప్ కింద పెడితే కళ్ల మధ్య రెండు యాంటెన్నాలు కనిపిస్తాయి. దాని ముక్కు ప్రధానంగా అదే. ఒక్కో యాంటెన్నాలో సుమారు 1,200 వాసన నాడీకణాలు. వాసనను పట్టే గ్రాహకాల జన్యువులు 60 దాకా ఉన్నాయి. అవన్నీ ప్రతి కణంలోనూ ఉంటాయి, కానీ ఒక్కో నాడీకణం మామూలుగా ఒకదాన్నే ఎంచుకుని వాడుకుంటుంది, మిగతావాటిని నోరెత్తనివ్వదు. మనకు కావలసిన జన్యువు పనిచేసే కణాలు మాత్రమే పచ్చగా వెలిగేలా ఈగను తయారుచేస్తాం. చీకటి గదిలో యాంటెన్నా మీద ఒక మూల చిన్న పచ్చటి గుంపు వెలుగుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

నీకిష్టమైన తొలకరి మట్టి వాసన ఉంది చూశావూ, దానికి కారణం జియోస్మిన్ అనే పదార్థం. ఈగకు అది అస్సలు పడదు. బూజూ, చెడు సూక్ష్మజీవులూ ఉన్నాయని దానికి హెచ్చరిక. ఆ ఒక్కదాన్ని పట్టడానికే ఓఆర్56ఎ అని ప్రత్యేకంగా ఒక గ్రాహకం ఉంది. వాసన తగిలిందా, గుడ్లు కూడా పెట్టకుండా తప్పుకుంటుంది.

చిన్నదాని పరీక్షలు ఎలా అయ్యాయి? ఫోన్ చేస్తే ఎత్తదు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఆర్కో అని ఒక జన్యువుంది, చాలా గ్రాహకాలకు అది తోడు లేనిదే సాగదు. దాన్ని తీసేస్తే కణాలు బతికే ఉంటాయి, గ్రాహకాలు మాత్రం చేరాల్సిన చోటికి చేరవు, ఈగకు చాలా వాసనలు తెలియవు. ఆ జన్యువును తిరిగి అందిస్తే వాసన తెలుస్తుంది. నీ సంగతి అచ్చంగా ఇదే అనను. కానీ కోవిడ్ వైరస్ కూడా ముఖ్యంగా పట్టుకునేది వాసన నాడీకణాలను కాదు, వాటి పక్కన ఆసరాగా ఉండే కణాలను. ఆ దెబ్బకు నాడీకణాల్లో గ్రాహక జన్యువుల పని బాగా తగ్గిపోతుందని 2022లో తేల్చారు. ఇంట్లో దీపాలన్నీ ఉండి మెయిన్ ఆపేసినట్టు. పైగా మన ముక్కులో ఈ కణాలు మళ్లీ కొత్తవి పుడతాయి. చాలామందికి వాసన మెల్లగా తిరిగొచ్చింది. అందరికీ పూర్తిగా రాలేదు, అదీ నీ దగ్గర దాచను.

ముక్కు డాక్టరు దగ్గరికి ఈ వారమే వెళ్లు. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్, ఈ నాలుగు వాసనలూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒక్కోటి ఇరవై సెకన్లు నిదానంగా పీల్చమంటారు. కనీసం మూడు నెలలు చేయాలి. ఏమీ తెలియకపోయినా మానకు. వాసన తిరిగొచ్చేటప్పుడు కొన్ని వాసనలు వికారంగా మారొచ్చు, భయపడకు.

గ్యాస్ లీకైతే నీకు తెలియదు. నాన్నగారిని వంటింట్లో అలారం పెట్టించమను, ఖర్చని వాయిదా వేయొద్దని నేను అన్నానని చెప్పు. డాక్టరు ఏమన్నారో నువ్వే రాయి, ఆయన చేత చెప్పించకు.

నీ
చిన్నోడు