కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నిబంధనావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ ఏకరువు పెట్టను. మంచినీటి పైపుల మార్పిడి, వినాయక చవితి పందిరి, సంక్రాంతి ముగ్గుల పోటీ, సీసీ కెమెరాల మరమ్మతు ఎప్పటిలాగే జరిగాయి. పందిరి బాధ్యత మోసిన కుర్రాళ్లకు, ముగ్గులకు బహుమతులిచ్చిన బి బ్లాకు దంపతులకు, మూడు పూటలా ప్రసాదాలు వండిన మహిళా సభ్యులకు, మైకు సెట్టు ఉచితంగా ఇచ్చిన సభ్యుడికి, ఊడ్చి శుభ్రం చేసిన పారిశుద్ధ్య సిబ్బందికి కమిటీ తరఫున పేరుపేరునా కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోవలసిన పని గబ్బిలాల పని.

మూడో అంతస్తులో ఒక వంటింటి కిటికీ గట్టు మీద రోజూ నల్లటి రెట్ట పడుతుంటే అందరూ ఎలుకలనే అనుకున్నారు. రిటైరైన జువాలజీ మేష్టారు ఒకదాన్ని కాగితం మీద పెట్టి అగ్గిపుల్లతో నలిపారు. పొడిపొడిగా రాలిపోయింది, అందులో పురుగుల రెక్కల ముక్కలు మెరిశాయి. ఎలుక పెంటిక అలా రాలదు. తలెత్తి చూస్తే ఏ, బి బ్లాకుల మధ్య ఎక్స్‌పాన్షన్ జాయింటు (రెండు కట్టడాల మధ్య వదిలే సందు) అంచున సున్నం మీద నూనె చెయ్యి తుడిచినట్టు జిడ్డు మరక. రోజూ దూరి వచ్చే చోట వాటి ఒళ్లు రాసుకుని పడే మరక అది. బొటనవేలు పట్టే సందుంటే చాలు, ఈ చిన్న జాతి దూరిపోతుంది.

ఆ రాత్రి నుంచి వాట్సాప్ గ్రూపు నిద్రపోలేదు. అరిష్టమని, శాంతి చేయించాలని కొందరు. 2018లో కేరళలో వచ్చిన ప్రాణాంతక నిపా వైరస్ వార్తలు పంపినవారు ఇంకొందరు. నిపాను మోసేవి పండ్లు తినే పెద్ద గబ్బిలాలని, మన గోడలో ఉన్నవి పురుగులు తినే చిన్నవని మేష్టారు ఓపిగ్గా రాశారు. అంతమాత్రాన పెరట్లో కొరికి పడేసిన జామకాయ పిల్లలకు పెట్టొద్దని కూడా రాశారు. ఆ రెండో వాక్యం ఎవరూ చదివినట్టు లేదు.

పొగ పెడదామని, మందు కొట్టిద్దామని కమిటీ మీద ఒత్తిడి తెచ్చారు. పొగకు బెదిరినవి జాయింటు లోపలి నుంచి ఇళ్లల్లోకి దూరతాయి. మందుకు చచ్చినవి గోడ మధ్యే కుళ్లుతాయి, ఆ కంపు ఎవరు భరిస్తారు? ఒక సభ్యుడు సొంత డబ్బుతో శబ్దాల యంత్రం కొని పెట్టారు. గబ్బిలాలు దాని పక్కనుంచే వెళ్లి వచ్చాయి. సంబంధిత కార్యాలయానికి అర్జీ పెట్టాం. ఫోను చేసిన ప్రతిసారీ వేరే సెక్షన్ పేరు చెప్పారు. ముద్ర వేయించుకున్న కాపీ ఫైల్లో భద్రంగా ఉంది, అది తప్ప అక్కడి నుంచి మనకు వచ్చింది ఏమీ లేదు.

చివరికి వల పద్ధతికే వెళ్లాం. సందు పైన, రెండు పక్కలా సన్న కన్నుల నైలాను వల బిగించి, కింది అంచు మాత్రం వదిలేసి రెండు మూడు అడుగులు వేలాడదీయాలి. లోపలివి కిందికి పాకి బయటపడతాయి. తిరిగొచ్చినప్పుడు నేరుగా సందు దగ్గరే వాలబోతాయి, వల అడ్డు. కింద తెరిచి ఉందన్న సంగతి వాటికి తోచదు. అయితే పిల్లలు ఎగరగలిగే దాకా వల కట్టకూడదు. కడితే తల్లులు బయట, పిల్లలు లోపల. అందుకే ఆగాం. ఆ ఆలస్యానికి కమిటీని తిట్టినవారందరికీ ఇదే జవాబు.

వల కట్టిన సాయంత్రం డాబా మీద కుర్చీలు వేశాం. మసక పడగానే వల వెనక గోడ కదిలినట్టయింది. ఒక్కొక్కటీ రెక్కలు ముడుచుకుని గోడ పట్టుకుని దిగి, అంచు దగ్గర వదిలేసి, కాస్త కిందికి జారి, రెక్క విప్పి కొబ్బరిచెట్ల మీదుగా పోయింది. పిల్లలు లెక్కపెట్టబోయి పోట్లాడుకున్నారు. వారం పైగా వల ఉంచి, లోపల ఏదీ లేదని టార్చితో చూసుకుని, సందు పూడ్పించాం. రెట్ట ఎత్తే ముందు నీళ్లు చల్లి, మాస్కులు కట్టుకున్నాం. పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నిచ్చెన పట్టుకున్నది వాచ్‌మన్, అతని కొడుకు, మన ఎలక్ట్రీషియన్, మేష్టారు. స్వచ్ఛందంగా పేర్లిచ్చినవారిలో చాలామందికి ఆ రోజే పెళ్లిళ్లు వచ్చాయి. సంతోషం.

ఇంట్లోకి గబ్బిలం వస్తే కార్యదర్శికి అర్ధరాత్రి ఫోను చేసే ముందు ఫ్యాను ఆపండి, రెక్క తగిలితే అది బతకదు. లోపలి తలుపులు మూసి, కిటికీ బార్లా తెరిచి, దీపం ఆర్పి కూర్చోండి. దానంతటదే పోతుంది. నేల మీద పడి ఉంటే మందపాటి గ్లౌజులు వేసుకుని, డబ్బా బోర్లించి కింద అట్ట దూర్చి, ఎత్తయిన చోట పెట్టండి. చాలా రకాలు నేల నుంచి లేవలేవు. సి బ్లాకులో తువ్వాలుతో పట్టబోయిన సభ్యుడి వేలికి పన్ను గీరుకుంది. చిన్న గాటేనని ఊరుకోబోతే మేష్టారు 15 నిమిషాలు సబ్బుతో కడిగించి ఆసుపత్రికి లాక్కెళ్లారు. రేబిస్ టీకా కావాలో వద్దో తేల్చేది డాక్టరే, మనం కాదు.

పార్కింగులో బాదం చెట్టు కొట్టేయాలన్న తీర్మానం ఈసారీ వాయిదా పడింది. పోర్టికో కింద వేలాడుతూ బాదంకాయలు నమిలి పిప్పి ఊసేవి పండ్ల గబ్బిలాలు, కార్లు పాడవుతున్న మాట నిజమే. కానీ చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. పండ్ల గబ్బిలాలను కాకులు, ఎలుకలతో కలిపి హానికర జంతువుల జాబితాలో పెట్టిన 5వ షెడ్యూలు కూడా వన్యప్రాణి చట్టంలో ఇప్పుడు లేదు, 2023 ఏప్రిల్ 1 నుంచి తీసేశారు. స్లాబు కింద కొక్కేలకు వల కట్టిద్దామని కమిటీ ప్రతిపాదన.

జమాఖర్చులు ఆడిటయ్యాయి. వల, సిమెంటు, నిచ్చెన అద్దె మరమ్మతుల పద్దులో కలిపాం. పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది, సందేహాలు కోశాధికారిగారితో తేల్చుకోగలరు. మెయింటెనెన్సు బకాయిదారుల పేర్లు చదవడం లేదు, వారికే తెలుసు.

వచ్చే ఏడాది సి బ్లాకు బాత్రూం వెంటిలేటర్లన్నిటికీ జాలీలు బిగించాలి. ఆ పనికి ఆదివారాలు వచ్చేవారు సమావేశం అయ్యేలోగా రిజిస్టరులో సంతకం, ఫోను నంబరు రెండూ రాయగలరు.

ఇట్లు,
కార్యదర్శి