చెరువు చుట్టూ రాయి పేర్చేస్తే పరజలు ఎక్కడ మేయాలి?

సంపాదకుడు గారికి నమస్కారం.

డెల్టాలో ఊరూరా చెరువులు బాగుచేసే పనులు జరుగుతున్నాయి. ఏప్రిల్‌లో కాలువలకు నీళ్లు కట్టేయగానే మళ్లీ పొక్లెయిన్లు దిగుతాయి. ఆలోపు పరజల గురించి, అంటే అడవి బాతుల గురించి, ఒక మాట పదిమంది చెవిన పడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఊరు వెంకయ్య వయ్యేరు కాలువ కింద ఉంది. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఊళ్లో రెండు చెరువులున్నాయి. ఒకటి మంచినీళ్ల చెరువు. దాని చుట్టూ కంచె ఉంది, దాంట్లో పక్షులు దిగకపోవడమే మంచిది కూడా. రెండోది ఊర చెరువు. గేదెలు పడుకునేది, వినాయకుణ్ణి కలిపేది, పిల్లలు ఈత నేర్చుకునేది అందులోనే. నా బాధంతా ఈ రెండో చెరువు గురించే.

రెండేళ్ల కిందట దాన్ని బాగుచేశారు. పూడిక తీశారు, అది ఎప్పుడో జరగాల్సిన పని. అయితే పనిలో పనిగా నాలుగు గట్లూ గోడలా నిలువుగా చెక్కి, రాయి పేర్చి, సిమెంటు పూశారు. నాచు, తుంగ, కలువ అన్నీ ఎత్తి లారీల్లో పోసేశారు. పైన నడిచే బాట, స్తంభాలకు లైట్లు. ప్రారంభం రోజున అందరితోపాటు నేనూ సంతోషంగా చప్పట్లు కొట్టాను. ఆ చలికాలం పరజలు రాలేదు. ఈ చలికాలమూ రాలేదు.

మా వైపు చిన్నా పెద్దా అడవి బాతులన్నిటినీ పరజలనే అంటాం. వీటిలో ఏడాది పొడవునా ఇక్కడే ఉండేవి కొన్ని. పొద్దు గూకాక డాబా మీద పడుకుంటే, చీకట్లో ఈల వేసుకుంటూ గుంపులు గుంపులుగా పొలాల మీదికి పోయేవి ఈ రకమే. జానెడు కంటే కొంచెం పెద్దగా, మగదైతే తెల్లటి మెడతో ఉండే చిన్న బాతు ఇంకోటి. ఇది కలువాకుల మధ్య జంటగా తిరుగుతుంటుంది. ఇక అక్టోబరు, నవంబరుల్లో హిమాలయాలు దాటి, సైబీరియా, మధ్య ఆసియాల నుంచి వచ్చేవి సూదితోక బాతులు, గరిటె ముక్కు బాతులు లాంటివి. మార్చి వచ్చేసరికి వెళ్లిపోతాయి. వీటిని చూడాలంటే కొల్లేరుకో, కోరింగకో వెళ్లాలని మన పిల్లలు అనుకుంటున్నారు. ముఖ్యమైన చిత్తడి నేలలకు ఇచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు కొల్లేరుకు 2002లో వచ్చిన మాట నిజమే, అక్కడ పక్షులు ఎక్కువే. కానీ ఈ బాతుల్లో చాలా రకాలు పగలంతా పెద్ద నీళ్ల మీద కునుకు తీసి, సాయంత్రమయ్యేసరికి మేత కోసం చుట్టుపక్కల చిన్న చెరువుల్లోకీ, కోసిన చేలల్లోకీ చెదిరిపోతాయి. మన ఊర చెరువులు వాటికి అన్నం కంచాలు. ఆ కంచాలనే మనం బోర్లించేస్తున్నాం.

బాతు ఎలా మేస్తుందో దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మన చెరువుల్లోకి వచ్చేవాటిలో ఎక్కువ భాగం పూర్తిగా మునగవు. తల కిందికి పెట్టి, తోక ఆకాశానికి ఎత్తి, కాళ్లు ఆడిస్తూ మెడ అందినంత మేరా అడుగు గాలిస్తాయి. అంటే జానెడు నుంచి అడుగున్నర లోతు. అంతకంటే లోతుంటే అడుగున ఎంత మేత ఉన్నా వాటికి అందదు. ఒకప్పుడు ఊర చెరువు పడమటి పక్క నీళ్లు తగ్గినప్పుడు, బాతులు మేసిన చోట ఒక దోసెడు బురద తీసి పిల్లలకు చూపించాను. చిక్కుడు గింజంత తుంగ గడ్డలు, ఊద గింజలు, నాచు తునకలు, మిరియం గింజంత నత్తలు, ఎర్రటి పురుగులు. ఒక్క దోసెట్లో ఇన్ని! ఇప్పుడు అదే పక్కన రాయి, రాయి దిగగానే ఎనిమిదడుగుల లోతు.

అందుకని మొక్కల కంటే ముందు గట్టు వాలు సంగతి చూడాలి. నాలుగు వైపుల్లో మూడు వైపులు రాయి కట్టుకోండి. ఒక్క వైపు, బాటకూ లైట్లకూ దూరంగా ఉండే వైపు, అయిదారు అడుగులు నడిస్తే ఒక్క అడుగు లోతు వచ్చేలా మట్టి వాలు వదలండి. ఖర్చు పెరగదు సరికదా, రాయి ఖర్చు తగ్గుతుంది.

ఆ వాలు మీద ఏం పెంచాలి? అంచున, నీళ్లు ఎక్కి దిగే చోట తుంగ, ఊద ఉండాలి. ఊద పేరు చెబితే వరి రైతుకు ఒళ్లు మండుతుంది, తెలుసు. చేలో అది కలుపే. కానీ చెరువు అంచున అది కంకి వేసి గింజ రాలిస్తే, బాతుకు అంతకు మించిన మేత లేదు. తూము దగ్గర మాత్రం ఊద ఉండనివ్వకూడదు, గింజ నీళ్లతోపాటు బోదెల్లోకి, అంటే పొలాల పిల్లకాలువల్లోకి, పోతుంది. మోకాలి లోతులో కలువ, అల్లి. వాటి గింజలు బాతులు తింటాయి, ఆకుల కింద పురుగూ నత్తా పెరుగుతాయి, ఎండకు బాతు పిల్లలు దాక్కుంటాయి. ఇంకా లోతున, నీళ్లలోనే మునిగి ఉండే నాచులు. ఒడ్డున తూటికూర కొంచెం పాకనిస్తే మనుషులకూ కూర అవుతుంది. బాతు పిల్లలకు మొదటి వారాల్లో గింజ కంటే పురుగే ముఖ్యం. మొక్క లేని నీళ్లలో ఆ పురుగు ఉండదు. ఇక్కడే ఉండే పరజలు గుడ్లు పెట్టేది వానల్లో. గట్టు మీది పాత చెట్ల తొర్రల్లోనూ, రెల్లు దుబ్బుల మాటునా పెడతాయి. తొర్ర చెట్టు కనిపించగానే కొట్టేయకండి.

తామర, జమ్ము విషయంలో మాత్రం జాగ్రత్త. తామర పూస్తే ఎవరికి ముచ్చట కాదు? కానీ ఎకరం, రెండెకరాల చెరువులో వదిలేస్తే మూడు నాలుగేళ్లలో నీటి చుక్క కనపడకుండా పరుచుకుంటుంది. జమ్ము కూడా అంతే, ఒక మూలన చాటుకు ఉంటే చాలు. బాతుకు వాలడానికీ, లేవడానికీ, నక్కనూ కుక్కనూ దూరం నుంచే కనిపెట్టడానికీ తెరిపి నీళ్లు కావాలి. సగం మొక్కలు, సగం నీళ్లు ఉండటం మంచిదని నా అనుభవం. ఏడాదికోసారి మనుషులు దిగి ఎక్కువైనది పీకాల్సిందే.

నీళ్ల మీద తేలుతూ అల్లుకుపోయే గుర్రపు డెక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఒక్క మొక్క కనిపించినా తీసి గట్టు మీద ఎండబెట్టాలి. అది నీటిని కప్పేస్తే కింద వెలుతురు ఉండదు, నాచు చస్తుంది, చేపకు గాలి అందదు, బాతుకు దిగే చోటు ఉండదు. దీన్ని మన దేశానికి తెచ్చింది కూడా పూల అందం చూసే. అందుకే ఇంకో మాట. కడియం నర్సరీలంటే మన డెల్టాకు గర్వం, మా ఇంటి పెరట్లో సగం మొక్కలు అక్కడివే. కానీ ఊర చెరువులోకి అందం కోసం పై దేశాల నీటి మొక్కలు కొనకండి. కావాల్సినవి పక్క ఊరి చెరువులో, మురుగు కాలువ కాని ఏ పంట బోదెలోనైనా దొరుకుతాయి.

ఇక చెరువులో చేపల వేలం పాట గురించి. పంచాయతీకి ఆదాయం కావాలి, కాదనను. పాట పాడుకున్నాయన్ని అడిగితే, "నాచుంటే వల లాగలేమండీ టీచర్ గారూ, అందుకే గడ్డిచేప వేశాం" అన్నారు. ఆయన బాధ ఆయనది. కానీ గడ్డిచేప రోజుకు తన బరువులో సగానికి పైగా ఆకు మేస్తుంది. అది ఉన్న చెరువులో మనం ఏం నాటినా దానికి ఫలహారమే. బంగారు తీగ చేప అడుగు తవ్వి నీళ్లు బురద చేస్తే, వెలుతురు అందక నాచు మొలవదు. పాట షరతుల్లోనే ఈ రెండూ వద్దని రాయాలి. బొచ్చె, శీలావతి చేపలు వేసుకోవచ్చు. వాలు వైపు వల లాగకుండా వెదురు కర్రలతో హద్దు పెడితే ఇద్దరికీ గొడవ ఉండదు.

ఈ సంగతి గ్రామసభలో ఎత్తినప్పుడు వచ్చిన అభ్యంతరాలు కొట్టిపారేసేవి కావు. మొక్కలుంటే దోమలన్నారు. గుర్రపు డెక్క, అంతరతామర వేళ్లను పట్టుకుని పెరిగే దోమ జాతి ఉన్నమాట నిజం, వాటిని తీసేయమనే నేనూ అంటున్నాను. తుంగా కలువా ఉన్న చెరువులో చేపపిల్లలు, తూనీగ పిల్లలు దోమ పిల్లల్ని తింటాయి. దోమల టెన్షన్ ఉన్నవాళ్లు ముందు ఇంటి ముందు కాలువ చూసుకోవాలి. పరజలు నారుమడి పాడుచేస్తాయన్నారు. రాత్రిపూట చల్లిన గింజ మీద వాలితే నష్టమే. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నారు పోసిన ఆ పది రోజులూ కాపలా పెట్టుకోవాలి. మిగిలిన రోజుల్లో అవి తినేది సార్వా (మొదటి పంట) కోతలప్పుడు రాలిన గింజే. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చిన భయం ఇంకా ఉంది. అందుకే కోళ్ల ఫారాల పక్కనున్న చెరువును దీనికి ఎంచుకోవద్దు. పెంపుడు బాతుల్ని ఆ నీళ్లలోకి తోలొద్దు. ఆ జాగ్రత్త పాటించాల్సిందే.

ఇంకో భయం నాది. పరజలు రాగానే ఉచ్చులు పట్టుకుని వచ్చేవాళ్లు వస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం, చంపడం నేరం. గట్టు మీద ఒక బోర్డు, సాయంత్రం పూట ఇద్దరు కుర్రాళ్ల కాపలా ఉంటే చాలా వరకు ఆగుతుంది.

చెరువుల కోసం 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ అమృత్ సరోవర్ పథకంలో ఎకరం చెరువు, పది వేల ఘనపు మీటర్ల నీళ్లు అని లెక్క పెట్టుకున్నాం. గట్టు మీద వేప, రావి, మర్రి నాటుకున్నాం. బాగుంది. నీళ్లలో ఏం ఉండాలన్న ప్రశ్న కూడా అంచనా కాగితాల్లోకి ఎక్కాలి. ఇంజనీర్లు అంచనా వేసేటప్పుడే ఒక్క వైపు వాలు గీస్తే సరిపోతుంది. కట్టిన రాయి పీకడం ఎవరివల్లా కాదు. నీళ్లు అడుగంటిన ఏప్రిల్, మే నెలల్లో దుంపలు పాతి, గింజ చల్లితే, జూన్‌లో కాలువ నీళ్లు ఎక్కేసరికి వేరు పట్టుకుంటాయి. నవంబరుకు గింజ తయారవుతుంది.

మా పొలం పక్క బోదెలో అల్లి దుంపలు, తుంగ గడ్డలు కావలసినన్ని ఉన్నాయి. ఏ ఊరి పంచాయతీవాళ్లయినా కాలువ కట్టాక గంపలు తెచ్చుకుని తవ్వుకోవచ్చు. మా ఊరి చెరువుకు ఈ ఏడు కుదరదు, రాయి కట్టేశారు కాబట్టి. పక్క ఊళ్లో ఇంకా పని మొదలవలేదు. వాళ్లకు రెండు గంపలు ఇస్తానని ఇప్పటికే మాటిచ్చాను.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని,
పశ్చిమ గోదావరి జిల్లా