పెట్టిన స్టెంట్ తీసేదెవరు మంత్రి గారూ?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. సోమవారం సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలిచ్చి, రసీదులు దాచుకుని, "పైకి పంపాం" అన్న మాట విని విని, ఇక ఇలా రాస్తున్నాను.

మా చెల్లెలు బీడీలు చుట్టుకుని బతుకుతుంది. పిత్తాశయంలో రాయి జారి పైత్యరస నాళానికి అడ్డుపడి, ఒళ్లంతా పచ్చబడింది. (పసరు పోయిస్తామన్న వాళ్లను తప్పించి పెద్దాసుపత్రికి చేర్చేసరికే ఇంట్లో పెద్ద గొడవైంది.) ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీదే ఎండోస్కోపీతో రాయి తీశారు, నాళం మూసుకోకుండా స్టెంట్ అనే సన్నని ప్లాస్టిక్ గొట్టం పెట్టారు, తర్వాత పిత్తాశయమూ తీసేశారు. అంతవరకూ మీకు దండం పెట్టాల్సిందే. పెట్టాం కూడా.

ఆ స్టెంట్‌ను 3 నెలలు అటూ ఇటూగా తీయాలి, లేదా మార్చాలి. డిశ్చార్జి కాగితం అడుగున ఇంగ్లిషులో 'రివ్యూ' అని ఒక్క ముక్క ఉంది. మీ వాళ్ల ఫోన్ మాత్రం ఠంచనుగా వచ్చింది: సేవలతో సంతృప్తి చెందితే ఒకటి నొక్కమని. పాపం, నొక్కింది. స్టెంట్ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఏడాది దాటాక చలిజ్వరం, మళ్లీ కామెర్లు. తీసిన స్టెంట్‌ను డాక్టరు గారు ట్రేలో చూపించారు. లోపలంతా పూడుకుపోయింది, చుట్టూ గోధుమరంగు మడ్డి, నలిపితే పొడయ్యే మెత్తని రాళ్లు. పిత్తాశయమే లేని మనిషికి రాళ్లెక్కడివి? పేగుకూ నాళానికీ మధ్య కాపలా ఉండే కండరాన్ని స్టెంట్ తెరిచే ఉంచుతుందట. పేగులో ఉండాల్సిన ఇ.కోలై, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా పైకి పాకి, స్టెంట్ గోడలకు జిగురుగా పట్టేస్తాయి. వాటి బీటా గ్లూకురోనిడేజ్ ఎంజైము, పైత్యరసంలో కరిగి ఉన్న పసుపు రంగు పదార్థం బిలిరుబిన్‌ను కరగకుండా చేస్తుంది. అది కాల్షియంతో కలిసి రాయవుతుంది. ఈ ఎంజైముతో రాయి పుట్టే సంగతి మాకి అనే జపాన్ సర్జన్ 1966లోనే రాశారు. బడిలో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి గనక నాకు అర్థమైంది. 'రివ్యూ' అన్న ముక్కలో ఇదంతా మా చెల్లెలు చదువుకోవాలా?

ఇంతకీ ఆ స్టెంట్ తీయడానికి కార్డు పనిచేయలేదండీ. పెట్టిన ప్యాకేజీ అయిపోయింది, తీయడానికి వేరే అనుమతి కావాలన్నారు ఆసుపత్రిలో కార్డు పనులు చూసే ఆరోగ్యమిత్ర. అనుమతి అడిగితే పాత కేసని తిప్పికొట్టారు. జ్వరంతో వణికే మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టి ఫోటో తీశారు, ఆధార్ అడిగారు, పాత ఫిల్ములు అడిగారు. సాయంత్రానికి పుస్తెలతాడు తాకట్టుకెళ్లింది. రాయి తీయడానికి డబ్బిచ్చిన ప్రభుత్వమే, రాళ్లు పుట్టించే గొట్టాన్ని కడుపులో వదిలేయడం ఏం లెక్కో మీరే చెప్పాలి.

సంతృప్తి అడిగే ఆ ఫోన్‌తోనే, స్టెంట్ తీయించుకునే రోజొచ్చిందని తెలుగులో చెప్పించండి. పెట్టడం, తీయడం ఒకే ప్యాకేజీలో కలపండి. ఎవరికి పెట్టారో ఆసుపత్రుల్లో రాసే ఉంటుంది, ఫోన్ నంబర్లు మీ దగ్గరే ఉన్నాయి. ఎందరి కడుపుల్లో ఇంకా ఉన్నాయో ఒక్కసారి చూడమనండి. మా డబ్బు తిరిగిస్తే మహా సంతోషం, ఇస్తారన్న ఆశ లేదు.

చెల్లెలికి మళ్లీ కొత్త స్టెంట్ పెట్టారు. తీయించాల్సిన తేదీ ఈసారి నేనే క్యాలెండర్ మీద రాసుకున్నాను. ఆ రోజు కార్డు పనిచేస్తుందా లేదా, కనీసం ఆ ఒక్కటి ముందే చెప్పించండి. డబ్బు వెతుక్కోవడానికి మాకూ టైం కావాలి కదా.

ఇట్లు,
ఒక బీడీ కార్మికురాలి అన్న